కరిచే కుక్కకు దువ్వెన

"మీరేం చేస్తూంటారు?" అని అడిగినవారితో "కుక్కలకు క్షవరం చేస్తూంటానండీ" అంటే ముందు నవ్వుతారు. నవ్వడం పూర్తయినాక కాస్త గొంతు తగ్గించి, తమ ఇంటి కుక్క సంగతి ఎత్తుకుంటారు. విజయవాడలో ఇప్పుడు ఏ అపార్టుమెంటు మెట్లెక్కినా ఏదో ఒక తలుపు వెనక నుంచి కుక్క పలకరిస్తూనే వుంటుంది. వాటిలో చాలావాటికి స్నానమన్నా, దువ్వెనన్నా, గోళ్ళకత్తెరన్నా పడదు. బుద్ధిగా నిలబడి చేయించుకునే కుక్కకు ఎవరైనా చేస్తారు. ఒకటి రెండు దుకాణాలవారు "మా వల్ల కాదు, తీసుకుపొండి" అన్న తరవాత మా గుమ్మం ఎక్కేవే ఎక్కువ.

ఫోనులో యజమానులు వాడే మాటలకు నేనొక చిన్న నిఘంటువు తయారు చేసుకున్నాను. "కొంచెం చలాకీ అండీ" అంటే బల్ల మీంచి దూకుతుందన్నమాట. "కొత్తవాళ్ళంటే బిడియం" అంటే పళ్ళు చూపిస్తుంది. "కొంచెం కోపం ఎక్కువ" అంటే ఇదివరకే ఒకరిద్దరిని కరిచింది. "మీరు చూస్తే మీకే తెలుస్తుంది లెండి" అన్నారో, ఇంట్లోవాళ్ళనే కరిచిందని అర్థం.

ఇందులో "కోపం" అన్న మాట వుంది చూశారూ, అదే చిక్కంతా తెచ్చిపెట్టేది. కుక్కకు కోపమనుకున్న మనిషికి పంతం పుడుతుంది. నలుగురు కలిసి నాలుగు కాళ్ళూ అదిమి పట్టి, మూతికి గుడ్డ కట్టి, పని కానిచ్చేస్తారు. పని అవుతుంది, కాదనను. కాని ఆ కుక్క మళ్ళీ నెల తిరిగేసరికి దువ్వెన కనపడితే మంచం కింద దూరుతుంది. ఆ పై నెల దువ్వెన పట్టిన చేతిని కరుస్తుంది. నా చేతికి వచ్చిన కుక్కల్లో నిజంగా కోపంతో కరిచినవి బహు తక్కువ. మిగిలినవన్నీ భయంతో కరిచినవి, లేదా నొప్పితో కరిచినవి.

ముందు నొప్పి మాట చెబుతాను. పొడుగు బొచ్చు కుక్కను పదిహేను రోజులు దువ్వకుండా వదిలేస్తే చెవుల వెనకా, చంకల్లోనూ, తొడల మధ్యా బొచ్చు చిక్కుపడి జడలు కడుతుంది. ఇంకా వదిలేస్తే అట్టలు కడుతుంది. ఆ అట్ట అడుగున చర్మం అడుగు వేసినప్పుడల్లా లాగుతూనే వుంటుంది. గాలి సోకక చెమ్మగిల్లి పుండ్లు పడుతుంది. మన జుట్టు ఎవరో పిడికిట పట్టుకుని రోజంతా లాగుతూ వుంటే, అక్కడే దువ్వెన పెట్టడానికి వచ్చినవాణ్ణి మనం మాత్రం ఏమంటాం? చెవిలో చీము, పంటి పోటు, ముసలి కుక్కకు నడుము కీళ్ళ నొప్పి, ఇవీ ఇంతే. వెనక కాలు ఎత్తితే కరిచే పదేళ్ళ కుక్కకు పొగరనుకుంటారు గాని తుంటి పట్టేసిందని అనుకోరు. అందుకని ఎవరు ఫోను చేసినా నా మొదటి ప్రశ్న ఒకటే: "పశువుల డాక్టరుగారికి చూపించారా?"

సత్యనారాయణపురం నుంచి వచ్చిన బంటీ సంగతి చెబితే మిగతాదంతా తేలిగ్గా బోధపడుతుంది. బంటీ తెల్లటి బొచ్చుకుక్క. మనవాళ్ళు పామరేనియన్ అంటారు గాని మన వీధుల్లో ఆ పేరున తిరిగే వాటిల్లో చాలాభాగం ఇండియన్ స్పిట్జ్ జాతివే. వయసు నాలుగేళ్ళు. ఆ ఇంటి మామ్మగారు వీపు నిమురుతూ చెవి దాకా చెయ్యి తీసుకుపోయేసరికి గభాలున కరిచింది. మణికట్టు దగ్గర రెండు గాట్లు. మామ్మగారి కొడుకు మంచివాడే, కాని బెదిరిపోయాడు. ఆదివారంనాడు కారులో ఎక్కించుకుని కృష్ణ అవతల ఎక్కడో వదిలేసి వస్తానన్నాడు. పాలూ అన్నమూ తిని, మంచం మీద పడుకుని పెరిగిన కుక్క. వీధికుక్కల మధ్య రెండు రోజులు బతకదు. ఆ మాట అందరికంటే బాగా తెలిసిన మనిషి మామ్మగారే. "కరిచింది నన్ను కదుటయ్యా, వీడికెందుకూ అంత తొందర?" అని ఆవిడే కట్టుకట్టిన చేత్తో కుక్కను పట్టుకుని ఆటోలో వచ్చింది. గడువు ఆదివారం దాకా.

మొదటిరోజు నేనేమీ చెయ్యలేదు. కుక్కను బల్ల ఎక్కించలేదు, తాకలేదు. గచ్చు మీద ఒక గోనెపట్టా పరిచి, పక్కకు తిరిగి కూర్చున్నాను. నున్నటి టైల్సు మీద కాలు జారుతుంటే కుక్కకు సగం భయం అక్కడే మొదలవుతుంది. పట్టా వేస్తే ఆ సగం పోతుంది. కుక్క కళ్ళలోకి సూటిగా చూడకూడదు. మీదికి వంగకూడదు. తల మీద చెయ్యి వెయ్యకూడదు. మనం ప్రేమ అనుకునేవన్నీ దానికి బెదిరింపుల్లాగే కనిపిస్తాయి.

భయపడ్డ కుక్క చెప్పకుండా కరవదు. ఆ భాష మనకే రాదు. ఎదట తిండి లేకుండానే నాలుకతో ముక్కు నాక్కుంటుంది. నిద్ర రాకుండానే ఆవలిస్తుంది. ముఖం పక్కకు తిప్పేసి, చూపు మాత్రం మన చేతి మీదే వుంచుతుంది. అప్పుడు కంటి తెలుపు నెలవంకలాగా బయటపడుతుంది. ముందుకాలు ఒకటి ఎత్తి అట్లాగే పట్టుకుంటుంది. ఇవన్నీ "ఇక చాలు" అనడమే. అయినా మనం ఆపకపోతే, అప్పటిదాకా రొప్పుతున్న కుక్క చటుక్కున నోరు మూసి కొయ్యలాగా బిగుసుకుపోతుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు. "చూశారా, దారికొచ్చింది, ఎంత బుద్ధిగా నిలబడిందో!" అని మురిసిపోతారు. అది కరవడానికి ముందు క్షణం. తోక వూపుతోంది కదా అని ధైర్యపడటానికీ లేదు. తోక కర్రలాగా పైకెత్తి బిగువుగా వూపడం వేరు, నడుమంతా కదిలేటట్టు వదులుగా వూపడం వేరు.

"మొరిగే కుక్క కరవదు" అని సామెత. ఎవరు కట్టారో గాని, వారికి కుక్కలకు గోళ్ళు తీసే అవసరం పడివుండదు. గుర్రుమనే కుక్క తప్పక కరవగలదు. ముందుగా చెప్పే మర్యాద వుంది కనుక గుర్రుమంటోంది. అందుకు దాన్ని కొట్టారనుకోండి, గుర్రుమనడం మానేస్తుంది, భయం మానదు. రైలు వస్తోందని గంట కొడితే గంటను పగలగొట్టినట్టు! చెప్పాపెట్టకుండా కరిచిందని నా దగ్గరికి తెచ్చే కుక్కల చరిత్ర తవ్వితే, గుర్రుమన్నందుకు పూర్వం దెబ్బలు తిన్నవే ఎక్కువ. బంటీ కూడా అంతే. కొడుకు చుట్టిన పేపరుతో మూతి మీద కొట్టేవాడట.

ఆయనకు ఎవరో మరో సలహా కూడా ఇచ్చారు: కుక్కను వెల్లకిలా పడదోసి, గొంతు దగ్గర అదిమిపట్టి, ఇంటికి యజమాని ఎవరో తెలియజెయ్యాలని. ఈ సలహా ఊరంతా తిరుగుతోంది కనుక దాని పుట్టుక చెప్పడం మంచిది. రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన స్విట్జర్లాండులోని బాజెల్ జంతు ప్రదర్శనశాలలో, ఇరుకు ఆవరణలో పెట్టిన తోడేళ్ళ కొట్లాటలు చూసి 1947లో ఒక వ్యాసం రాశాడు. తోడేళ్ళ గుంపులో పెత్తనం కోసం ఎప్పుడూ పోరాటమేనన్న భావం అక్కణ్ణించి వ్యాపించింది. అమెరికాలో డేవిడ్ మెక్ 1970లో రాసిన తోడేళ్ళ పుస్తకం దానికి మరింత ప్రచారం ఇచ్చింది. అదే మెక్, అడవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్ళను ఏళ్ళ తరబడి దగ్గరగా చూసి, గుంపంటే మామూలుగా తల్లీ తండ్రీ పిల్లలూ వుండే కుటుంబమేనని 1999లో ప్రకటించాడు. తోడేళ్ళకే పనికిరాని సూత్రం మన సత్యనారాయణపురంలో బొచ్చుకుక్క మీద ప్రయోగించడమెందుకు?

పనికొచ్చే సూత్రం ఇంకోటి వుంది. పావ్లోవ్ పేరు బడిలో విన్నవారే అంతా. జీర్ణక్రియ మీద చేసిన పనికి 1904లో నోబెల్ బహుమతి పుచ్చుకున్న రష్యన్ శాస్త్రజ్ఞుడు. తిండికి ముందు ఏదో ఒక చప్పుడు వినిపిస్తూ వుంటే, కొన్నాళ్ళకు చప్పుడుకే కుక్కకు నోరూరుతుందని చూపించాడు. భయం మాన్పడానికి ఆ దారే పనికొస్తుందని చూపించింది అమెరికాలో మేరీ కవర్ జోన్స్. 1924లో ఆమె అచ్చువేసిన వ్యాసంలో పీటర్ అనే మూడేళ్ళు నిండని పిల్లవాడున్నాడు. వాడికి కుందేలంటే హడలు. వాడు ఇష్టమైనది తింటూ వుండగా కుందేలును బోనులో పెట్టి దూరంగా వుంచేవారు. ఏడవనంత మేరకే మెల్లమెల్లగా దగ్గరికి జరిపేవారు. చివరకు వాడు ఆ కుందేలు చేత తన వేళ్ళు కొరికించుకుంటూ ఆడుకున్నాడు. నేను బంటీకి చేసింది సరిగ్గా ఇదే. కుందేలు బదులు దువ్వెన.

ఇందులో ఒక కిటుకు వుంది, అది తప్పితే అంతా తారుమారవుతుంది. ముందు దువ్వెన కనపడాలి, తరవాత తిండి రావాలి. తిండి చూపించి, తింటూంటే వెనక నుంచి దువ్వెన పెట్టామంటే, "ముద్ద పెడుతున్నారంటే ఏదో మోసముంది" అని కుక్క నేర్చుకుంటుంది. కొన్నాళ్ళకు తిండే ముట్టదు. దువ్వెన బయటికి తీసి చూపాలి, ఒక ముక్క పెట్టాలి, దువ్వెన దాచెయ్యాలి, తిండి ఆపెయ్యాలి. కుక్క దువ్వెన వంక ఆశగా చూసేదాకా ఇంతే. అప్పుడు దువ్వెన వీపును తాకించి తీసేసి ముక్క. ఆ తరవాత ఒక్కసారి దువ్వి ముక్క. కుక్క తిండి వద్దని ముఖం తిప్పిందంటే మనం తొందరపడ్డామని లెక్క. ఒక మెట్టు దిగాలి.

సాధారణంగా నేను వుడకబెట్టిన కోడిమాంసం తునకలు వాడతాను. మామ్మగారి ఎదట ఆ మాట ఎత్తడానికి వీల్లేదు కదా! ఆవిడ పనీరు చిన్న చిన్న ముక్కలు కోసి, మూత డబ్బాలో పెట్టుకుని రోజూ సాయంత్రం వచ్చేది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, బంటీకి పనీరు అంటే ప్రాణం. (కుక్కకు చాకొలెట్టు, ద్రాక్ష, కిస్మిస్, ఉల్లిపాయ మాత్రం పెట్టకండి. విషం.)

నాలుగో రోజుకు చెవి దగ్గరికి చెయ్యి పోనిచ్చింది. చెవి వెనక అరచేతి మందాన అట్ట, చెవిలోంచి పుల్లటి వాసన. శనివారం డాక్టరుగారు చూసి చెవిలో చీము పట్టిందన్నారు, మందిచ్చారు. మామ్మగారిని ఎందుకు కరిచిందో కొడుక్కు అప్పుడు అర్థమయింది. ఆదివారం కారు కదల్లేదు.

అట్టలు విప్పడం గురించి రెండు మాటలు. స్నానం చేయిస్తే చిక్కు వదులుతుందని చాలామంది ముందు నీళ్ళు పోస్తారు. తడిసి ఆరితే అట్ట ఇంకా బిగుస్తుంది. ముందు చిక్కు, తరవాతే స్నానం. అట్ట మీద కాస్త మొక్కజొన్న పిండి చల్లి, వేళ్ళతో పాయలుగా చీల్చాలి. చర్మానికీ చిక్కుకూ మధ్య బొచ్చు మొదళ్ళను వేళ్ళతో గట్టిగా పట్టుకుని, కొసల నుంచి దువ్వుకుంటూ పైకి రావాలి. అప్పుడు లాగుడు మన వేళ్ళ దగ్గర ఆగిపోతుంది, చర్మం దాకా పోదు. కత్తెర అడుగున దూర్చడం మహా ప్రమాదం, చర్మం కూడా అట్టలోకి లేచి వుంటుంది. కత్తిరించక తప్పకపోతే చర్మానికీ కత్తెరకూ మధ్య దువ్వెన అడ్డుపెట్టాలి. మరీ ముదిరితే మిషనుతో తీసేయడమే దయ. అందం నెల తరవాత వస్తుంది.

మిషను చప్పుడు ఇంకో గండం. మనిషి చెవి సెకనుకు 20,000 కంపనాల దాకా వింటే, కుక్క చెవి 40,000 దాటి వింటుంది. మనకు జుమ్మని వినపడేది దానికి ఏమని వినపడుతుందో! అందుకని మొదట మిషను పక్కగదిలో ఆడుతూ వుండగా ఇక్కడ పనీరు. తరవాత గుమ్మం దగ్గర. తరవాత ఇదే గదిలో, గుడ్డలో చుట్టి. ఆఖరున ఆపివున్న మిషను వీపుకు ఆనించడం.

స్నానానికి పైపు వాడను. గోరువెచ్చని నీళ్ళు, బకెట్టు, చెంబు. వెనక నుంచి మొదలుపెట్టి మెడ దాకా తెచ్చి, ముఖాన్ని తడిగుడ్డతో తుడవడమే. కుంకుడుకాయ మంచిదే గాని కంట్లో పడితే ఏమవుతుందో మనకందరికీ చిన్నప్పటి అనుభవమే. ఒక్కసారి పడిందా, జన్మలో మళ్ళీ బకెట్టు దగ్గరికి రాదు.

కరిచే కుక్కకు చిక్కం పెట్టడం తప్పేమీ కాదు. కాని ఏ చిక్కం? మూతిని గుడ్డతో బిగించి కడితే కుక్క నోరు తెరవలేదు. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. వేడి పోయే దారి ముఖ్యంగా రొప్పడమే. విజయవాడ మే నెలలో మూతి కట్టి గంటసేపు పెనుగులాడిస్తే ప్రాణమే పోవచ్చు. లోపల నోరు తెరిచి రొప్పడానికీ, నీళ్ళు తాగడానికీ వీలుండే బుట్ట చిక్కం కొనండి. దాని అడుగున పెరుగు రాసి చూపిస్తే రెండు మూడు రోజుల్లో కుక్కే మూతి దూరుస్తుంది.

బొచ్చు మాట వచ్చింది కనుక ఇదీ చెబుతాను. వేసవి రాగానే "గుండు చేసెయ్యండి, పాపం వుడికిపోతోంది" అంటారు. బంటీలాంటి జాతికి రెండు పొరల బొచ్చు. పై పొర ఎండను చర్మానికి తగలనివ్వదు. గుండు చేస్తే ఒక్కోసారి బొచ్చు మునుపటిలాగా రానే రాదు. లోపలి మెత్తని పొరలో రాలిపోయినదాన్ని దువ్వి తీసేస్తే చాలు, గాలి ఆడుతుంది. ఇక పిడుదులకు కిరసనాయిలు పూయడం, కర్పూరం నూనె రాయడం ఇప్పటికీ చూస్తున్నాను. చర్మం కాలుతుంది, కుక్క నాక్కుంటే విషం. ఆ మంట తగిలిన కుక్కకు మళ్ళీ నూనెచెయ్యి కనపడితే చాలు. డాక్టరు రాసిన మందు వాడండి.

గోళ్ళు అన్నింటికంటె కష్టం. గోటి లోపల కొంతదూరం ప్రాణమున్న కండ, రక్తనాళం వుంటాయి. తెల్లగోట్లో గులాబిరంగుగా కనిపిస్తుంది, నల్లగోట్లో కనిపించదు. అంచేత నల్లగోళ్ళను బియ్యపుగింజ మందాన కొంచెం కొంచెంగా తియ్యాలి. తీసిన చోట మధ్య నల్లని చుక్క కనపడితే ఆగిపోవాలి. నెత్తురొస్తే మొక్కజొన్న పిండి అద్ది అదిమిపట్టండి. బెదిరిన కుక్కకు నేను రోజుకొక గోరే తీస్తాను. నా లెక్క చూసి నవ్వేవారున్నారు. ఏం తొందర? గోళ్ళెక్కడికి పోతాయి?

బంటీకి ఏడు వారాలు పట్టింది. ఇప్పుడు మామ్మగారే దువ్వుతుంది, ఆవిడ ఒళ్ళోనే నిద్రపోతుంది. వెనక కుడికాలు మాత్రం ఇంకా ఇవ్వదు. దాన్ని నేను అడగడం మానేశాను. నడకకు అరిగిపోతున్నాయి, ఎప్పుడైనా పెరిగితే చూద్దాం.

అన్నీ బంటీలు కావు. కొన్ని కుక్కలకు భయం ఎంత ముదిరివుంటుందంటే ఏ పనీరూ పనిచెయ్యదు. అలాంటివాటిని డాక్టరుగారి దగ్గర మత్తులో వుంచి ఒకసారి శుభ్రం చేయించి, తరవాత మొదటి నుంచి పాఠం మొదలెట్టడం మంచిది. ఇంట్లో మనుషులు వేసుకునే నిద్రమాత్రలు సొంతంగా వెయ్యకండి.

ఇంత జాగ్రత్త పడినా పన్ను దిగితే, కుక్కకు టీకా వేయించి వున్నా సరే, గాటును పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు, గడియారం చూసుకుని మరీ కడగండి. కారం, సున్నం, పసుపు ఏదీ అద్దకండి. వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. పూర్వం బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని భయపడేవాళ్ళం. ఆ రోజులు పోయాయి, ఇప్పుడు చేతికి నాలుగైదు. కాని ఆ జబ్బు లక్షణాలు బయటపడినాక వైద్యం లేదన్న మాట మాత్రం ఇప్పటికీ అంతే.

కొత్తగా కుక్కపిల్లను తెచ్చుకున్నవారు అదృష్టవంతులు. స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అమెరికాలో బార్ హార్బర్ అనే ఊళ్ళో ఏళ్ళ తరబడి కుక్కపిల్లలను పెంచి చూసి, 1965లో పుస్తకం రాశారు. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కుక్కపిల్ల మనసు దేన్నైనా తనదనుకోవడానికి సిద్ధంగా వుంటుంది. ఆ తరవాత కొత్తదంతా అనుమానమే. మీరు పిల్లను తెచ్చేసరికే అందులో సగం అయిపోయివుంటుంది. అందుకని రేపటికని వాయిదా వెయ్యకండి. పొద్దున కాఫీ డికాక్షను దిగేంతసేపు ఒక కాలు చేతిలో పట్టుకోండి. చెవి మడత విప్పి చూడండి. మిషను ఆడించి ఆపండి. గోళ్ళు తియ్యనక్కర్లేదు. కత్తెర చూపించి, ఒక పెరుగన్నం ముద్ద పెట్టి, కత్తెర తీసుకెళ్ళి అలమారలో పెట్టేయండి.